పాత ట్రాక్టర్ల ప్రకటనలు - వానియందలి మాటల విలువ

తొలకరికి ముందు రెండు నెలలు పాత ట్రాక్టర్ల బేరములకు అదను. ఈ దినములలో పత్రికలందును, సంతలందును, అంతకంటె హెచ్చుగా చేతి ఫోనులందును "అమ్మబడును" అను ప్రకటనలు మన సభ్యుల కన్నులకు పదే పదే తగులుచుండును. క్రొత్త ట్రాక్టరు కొనుటకు శక్తి చాలని వారు పాతదాని వంక చూచుట సహజమే. అందు తప్పేమియు లేదు. బాగుగా సాకిన పాత బండి, చిన్న కమతము గల రైతునకు, పెద్ద అప్పుతో తెచ్చిన క్రొత్త బండికన్న మేలే కావచ్చును. కాని బంగారము కుదువబెట్టియో, సంఘములో ఋణము తీసికొనియో తెచ్చిన బండి దమ్ము దినములలో నడిచేలో నిలిచిపోయినచో, మరమ్మతు ఖర్చు ఒక నష్టము, అదను తప్పిన నాటు మరియొక నష్టము. వాయిదా మాత్రము ఆగదు. కావున ఈ ప్రకటనలను చదువు విధమును గూర్చి కొంత విపులముగా వ్రాయదలచినాము.

ఎద్దులను కొనునప్పుడు మనము అమ్మువాని మాటపై ఆధారపడము. నోరు తెరచి పళ్లు చూతుము, నడిపించి చూతుము, కాడి కట్టి చూతుము. రెండు పళ్ల కోడెయని దళారి చెప్పుచుండగనే ఆరు పళ్లు లెక్కబెట్టి చూపగల పెద్దలు మన గ్రామములందు ఇప్పటికిని కలరు. అట్టివారే ట్రాక్టరు ముందు నిలిచినప్పుడు, అది ఇనుము గదా, మనకేమి తెలియునని, రంగును చూచి, చప్పుడును విని, బయానా ఇచ్చి వచ్చుచున్నారు. ఇనుమునకును పళ్లున్నవి. ప్రకటనలోని మాట నిజమే యైనచో దానికి తగిన గుర్తు యంత్రముపై ఎచ్చటనో ఉండితీరవలెను. ఆ గుర్తేదో ఇంటివద్దనే ఆలోచించుకొని, కాగితముపై వ్రాసికొని, బండివద్దకు పోయి వెదుకవలెను. ఏ గుర్తును ఉండజాలని మాటకు ధరలో ఒక్క రూపాయియు కట్టరాదు.

పలు ప్రకటనలలోని మాటలను కలిపి మచ్చునకు ఒకదానిని మేమే కూర్చినాము: "2017 మోడలు. 45 హెచ్.పి. ఒకే యజమాని. 1400 గంటలే తిరిగినది. దమ్ములో దింపలేదు. ఇంజను క్రొత్తగా చేయించినది. గంటకు మూడు లీటర్లే. పొగ లేదు. షోరూము కండిషను. చిన్న పని తప్ప ఏమియు లేదు. అత్యవసరముగా అమ్మబడును."

దీనిని రెండుసార్లు చదువుడు. బండిని చూడకమునుపే, కూర్చున్నచోటనే, ఒక సంగతి బయటపడుచున్నది. 1400 గంటలే తిరిగిన డీజిలు ఇంజను, వేళకు నూనె మార్చుచు, గాలి వడపోతను శుభ్రపరచుచు వచ్చినచో, బోరుకు రానే రాదు; అనేకవేల గంటలు పని చేయవలసినది. మరి దానిని క్రొత్తగా చేయించవలసిన అవసరమేమి వచ్చినది? గంటల లెక్కయే అబద్ధమై యుండవలెను. లేక నీరు లేకయో, నూనె లేకయో ఒకసారి ఇంజను పట్టివేసి యుండవలెను. లేక ఇంజను చేయించితిమనుటయే వట్టి మాటయై యుండవలెను. రెండును మంచిమాటలే, కాని రెండును కలిసి ఒక బండియందు ఇమడవు. విడివిడిగా చదివినచో ఆశ పుట్టించు మాటలు, ఒకదాని ప్రక్క నొకటి పెట్టినచో తమలో తామే తగవులాడుకొనుట ఈ ప్రకటనలందు తరచుగా కాననగును.

గంటల లెక్కను మరికొంత పరిశీలింతము. ఎనిమిదేండ్లలో 1400 గంటలనగా ఏటికి 175 గంటలు. దినమునకు ఆరు గంటల చొప్పున ఏటికి ముప్పది దినములు కూడ పని లేదన్నమాట. స్వంత పొలము మాత్రమే దున్నుకొని, బండిని పాకలో కట్టివేసిన రైతు విషయమున ఇది నిజము కావచ్చును. బాడుగకు త్రిప్పినవాని విషయమున కానేరదు. కావున మొదట అడుగవలసినది, ఈ బండి ఎవరి పొలములో ఏ పని చేసినదని. ఇక మీటరు సంగతి. పాత తరహా మీటరు ఇంజను నుండి వచ్చు కేబులుతో తిరుగును. అది ఇంజను చుట్లను లెక్కించును గాని గడియారపు గంటలను కాదు. ఒక నిర్ణీత వేగమున తిరిగినప్పుడే మీటరు గంట నిజమైన గంటకు సరిపోవును. నెమ్మదిగా తిరిగినప్పుడు తక్కువ చూపును. కేబులు తెగినచో మీటరు ఆగును, ట్రాక్టరు ఆగదు. తెగిన కేబులును ఏండ్ల తరబడి వేయించనివారు ఎందరో కలరు. వారందరును మోసగాండ్రు కారు. అయినను ఆ అంకె మనకు పనికిరాదు.

మీటరును విడిచి టైరును చూడుడు. టైరు ప్రక్కభాగమున తయారైన వారమును, సంవత్సరమును తెలుపు నాలుగంకెలు అచ్చు వేయబడి యుండును. 2321 అని యున్నచో 2021వ సంవత్సరము ఇరువది మూడవ వారమున తయారైనదని అర్థము. 2017 నాటి బండికి 2021 నాటి వెనుక టైర్లున్నచో, మొదటి జత అరిగిపోయినదన్నమాట. పొలము పనిలో వెనుక టైర్లు మామూలుగా 1400 గంటలకు అరిగిపోవు. తారురోడ్డుపై బరువు లాగినచో త్వరగా పోవును. కావున గంటల లెక్కయో, పొలము పనియను మాటయో, ఏదో ఒకటి తప్పు. క్లచ్చి పెడలుపై గాడులు నునుపెక్కి మెరయుచున్నను, స్టీరింగు చక్రము చేతిపట్టు వద్ద అరిగియున్నను, అవియును ఇట్టి సాక్ష్యమే పలుకును.

ఏ పని చేసినదో తెలుపు గుర్తులు వెనుకభాగమున మెండు. ఇసుక, ఇటుక తోలిన బండికి ట్రాలీ తగిలించు హుక్కు రంధ్రము కోలగా సాగియుండును. బ్రేకులు, క్లచ్చి అరిగియుండును. నాగలి, గొర్రు లాగిన బండికి క్రింది లింకుల చివర గుండ్లు వదులై ఆడుచుండును. రోటవేటరుతో ఎడతెగక పని చేసినదానికి పి.టి.ఓ. షాఫ్టు పండ్లు అంచులు పడి, చేతికి గీచుకొనునట్లుండును. ఇంజను ఆపి, తాళము జేబులో వేసికొనిన పిమ్మటనే వీనిని తడవి చూడవలెను. తిరుగుచున్న షాఫ్టు వద్దకు పంచెతో గాని, తుండుగుడ్డతో గాని వంగిన మనుష్యుని అది చూచుచుండగనే చుట్టివేయును.

ఇప్పుడు "దమ్ములో దింపలేదు" అను మాటకు వత్తము. డెల్టా ప్రాంతమున గాని, చెరువుల క్రింద గాని తిరిగిన బండి విషయమున ఈ మాట మాకు నవ్వు పుట్టించును. దమ్ములో దిగుట నేరము కాదు. మాగాణి ట్రాక్టరు చేయవలసిన పని అదియే. కాని దమ్ములో దిగిన బండికిని, దిగని బండికిని ధరలో భేదముండుట న్యాయము. బురదనీరు ఇరుసు వరకు వచ్చును. ఇరుసు చివరలనుండు రబ్బరు సీళ్లను మట్టి కోసివేయును. అటుపై నూనె బయటికి కారును, నీరు లోనికి చేరును, బేరింగులు తుప్పెక్కును. ఇది ఒక్కనాట జరుగదు, కనుకనే కొన్న ఏడాది పిమ్మట గాని తెలియదు.

దీనికి గుర్తులు ఏవనగా, వెనుక చక్రముల రిమ్ములపై ఇనుప దమ్ముచక్రములు బిగించిన గీతలును, నొక్కులును ఉండును. మడ్‌గార్డుల లోపలివైపు గీచుకొన్న మచ్చలుండును. చక్రపు బోల్టుల తలలు పలుమార్లు విప్పి బిగించుటచే గుండ్రబడియుండును. ఇరుసు గొట్టము క్రింద వ్రేలు పెట్టి తడవినచో నూనెతో కలిసి ఎండిన బంకమట్టి దొరకును. పైన కడిగినవారు క్రింద కడుగరు. అన్నిటికంటె గట్టి పరీక్ష మరియొకటి కలదు. నూనెకన్న నీరు బరువు. రాత్రియంతయు కదలక నిలిచిన బండి గేరుపెట్టె అడుగున నీరున్నచో అది నూనెనుండి విడివడి క్రిందికి చేరును. ఉదయమున, బండిని కదపకముందు, అడుగు బిరడాను కొద్దిగా వదులు చేయించినచో మొదట వచ్చునది నీటిచుక్కయో, నూనెచుక్కయో కన్నులార చూడవచ్చును. నూనె అప్పటికే నీటితో చిలికినట్లై పాలరంగు తిరిగియున్నచో ఇంకను చెప్పనక్కరలేదు. ఈ పరీక్షకు అమ్మువాడు ఒప్పుకొననిచో, ఆ మాటను ధరలోనుండి కొట్టివేయుడు.

ఇంజను చేయించినదను మాటకు గుర్తు బిల్లులు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, వీనిలో ఏవి మార్చినారు, ఎచ్చట కొన్నారు, ఎవరు బిగించినారు? రింగులు మాత్రము మార్చి, తల విప్పి వాల్వులు నూరి, "ఫుల్ ఇంజను" చేసితిమని చెప్పుట వాడుకలో నున్నది. బిల్లు లేదన్నను, మెకానిక్కు పేరు చెప్పలేకపోయినను, ఆ ఇంజను చేయించనిదిగనే ఎంచవలెను. బిల్లున్నను ఇంజనును అడుగక మానరాదు. అది తిరుగుచుండగా నూనె పోయు మూత తీసి చూచినచో, లోనుండి బుసబుసమని ఎడతెగని పొగగాలి కొట్టుచున్నయెడల, రింగులను దాటి మంటగాలి క్రిందికి దిగుచున్నదని తెలియును. కొద్ది ఆవిరి పాత ఇంజనులన్నిటికి నుండును. భేదము తెలియుటకు ముందుగా మన గ్రామములోనే ఒక మంచి ఇంజనును, ఒక అరిగిన ఇంజనును మూత తీయించి చూచి పోవుట మంచిది. ఒక పూట పని.

పొగ విషయమున మూడు రంగులు తెలిసికొనవలెను. నీలిపొగ ఇంజనునూనె మండుటవలన వచ్చును, అరుగుదలకు అది గుర్తు. నల్లపొగ డీజిలు ఎక్కువై గాలి తక్కువైనప్పుడు వచ్చును. వడపోత మూసికొనిపోయినను, పంపు లెక్క తప్పినను ఇట్లగును. బరువు మీద ఒక్కసారిగా యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు క్షణకాలము నల్లబడుట పెద్ద దోషము కాదు. తెల్లపొగ చల్లని ఉదయమున మొదట కొంచెము వచ్చి పోవచ్చును. ఇంజను వేడెక్కిన పిమ్మటను పోనిచో నీరు లోనికి చేరుచున్నదేమో యని అనుమానింపవలెను. "పొగ లేదు" అనువారు కొందరు డీజిలు పంపును తగ్గించి కట్టించి యుందురు. నిలిపియుంచినప్పుడు పొగ నిజముగనే రాదు. నాగలి దింపగనే బండి మూల్గును. చిక్కని నూనె పోసి ఒకటి రెండు దినములు నీలిపొగను అణచుటయు కలదు. కావున నిలిచిన బండి పొగను చూచి సంతోషింపక, నాగలి కట్టించి, గట్టి నేలలో నాలుగు చాళ్లు దున్నించి, అప్పుడు సైలెన్సరు వంక చూడవలెను.

మనము చేరుసరికి ఇంజను వెచ్చగా నున్నచో అదియు ఒక సమాచారమే. చల్లని ఇంజను తేలికగా అందుకొనదని తెలిసినవారు అరగంట ముందుగనే నడిపి యుంచుదురు. ముందునాటి సాయంకాలమే కబురుపెట్టి, మేము వచ్చువరకు బండిని లేపవద్దని చెప్పి, తెల్లవారుజామున చేరుడు. బానెట్టు ఎత్తి ఇంజను ప్రక్కన చేయి పెట్టి చూడుడు. చల్లగా నున్నప్పుడే రేడియేటరు మూత తీయవలెను. వేడిగా నున్నప్పుడు తీసినచో మరిగిన నీరు మొగముమీద కొట్టును. మూత తీసి ఇంజను లేపగా నీటిలో బుడగలు వరుసగా వచ్చుచున్నయెడల తల గాస్కెట్టు చెడినదని తలపవచ్చును. ఆయిలు గేజు పుల్ల తీసి చూచినప్పుడు నూనె తేనెరంగున నిగనిగలాడుచున్నచో మురియరాదు. డీజిలు ఇంజనులో నూనె కొద్ది గంటలలోనే నల్లబడును; కావున తేనెరంగు నూనె నిన్నయో మొన్నయో మార్చినది. పాత నూనెలో మన కేమి కనబడునని దానిని పారబోసినారో అడుగవచ్చును. నూనె గీత దాటి పైకి వచ్చి, పలుచనై, డీజిలు వాసన వేయుచున్నచో పంపు వద్దనో, ఇంజెక్టర్ల వద్దనో డీజిలు క్రిందికి దిగుచున్నది.

"గంటకు మూడు లీటర్లే" అను మాటను తేల్చుటకు బండివద్దకు పోవలసిన పని లేదు, కూడికలు గుణకారములు చాలును. లీటరు డీజిలు నుండి ట్రాక్టరు ఇంజను ఇచ్చు పని సుమారు నాలుగు, మహా అయిన ఐదు హెచ్.పి. గంటలు. అనగా మూడు లీటర్లతో గంటసేపు పండ్రెండు మొదలు పదునైదు హెచ్.పి. మాత్రమే దొరకును. ఖాళీ ట్రాలీ లాగుటకు అది చాలును. గట్టినేలలో రోటవేటరు ముప్పది హెచ్.పి. కోరినచో ఆరేడు లీటర్లకు తక్కువ కానేరదు. ఏ కంపెనీ యంత్రమునకైనను ఈ లెక్క తప్పదు. కావున మూడు లీటర్లన్న మాట నిజమే కావచ్చును, కాని ఏ పనికో చెప్పనంతవరకు దానికి అర్థము లేదు. 45 హెచ్.పి. అను అంకె కూడ ఇంజను శక్తియే, పి.టి.ఓ. వద్దకు చేరునది అంతకు తక్కువ. మధ్యప్రదేశమున బుద్నీలోనున్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ పరీక్షా సంస్థవారు ట్రాక్టరు మోడళ్లను పరీక్షించి, పి.టి.ఓ. శక్తిని, డీజిలు ఖర్చును, లిఫ్టు సామర్థ్యమును నివేదికలలో తెలుపుదురు. కొనదలచిన మోడలు నివేదికను తెప్పించుకొని చూచినచో ప్రకటనలోని అంకెలకు తూనికరాయి దొరకినట్లే. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతపు సంస్థ కలదు. యంత్రముల వాడుకయందును, సంరక్షణయందును అచ్చట శిక్షణ నిత్తురు. మన సభ్యుల బిడ్డలలో ఒకరిద్దరు పోయి నేర్చివచ్చినచో ఊరంతటికి ఉపయోగపడును.

లిఫ్టును పరీక్షించుట సులభము. బరువైన పనిముట్టును పైకెత్తించి ఇంజను ఆపుడు. కొద్ది నిమిషములలోనే అది నేలకు దిగిపోయినచో హైడ్రాలిక్ భాగములు అరిగినవి. స్టీరింగు, గేర్లు బరువు లాగునప్పుడు తెలియును. గేరు తనంతట తానే జారిపడు బండిని, ధర ఎంత తగ్గించినను, మా అభిప్రాయమున విడిచిపెట్టుటయే మేలు.

"షోరూము కండిషను" అనుమాటకు గుర్తేమియు లేదు, కనుక విలువయు లేదు. క్రొత్త రంగు మాత్రము ఒక గుర్తే. బోల్టులపైనను, రబ్బరు గొట్టములపైనను, నంబరు రేకుపైనను రంగు పడియున్నచో తొందరలో పూసినదని తెలియును. దుమ్ము పట్టి, ఒకచో నూనె చెమ్మ గలిగి, రైతు పాకలో నిలిచిన బండి దాని దోషములను అదియే చూపించును. మా చూపు అట్టి బండిమీదనే ముందు నిలుచును. "చిన్న పని" అని వ్రాసినవానిని, ఆ పని చేయించి ఇమ్మని, అగు ఖర్చును ధరలో కలుపుకొమ్మని అడుగుడు. నిజముగా చిన్నదైనచో సంతోషముగా ఒప్పుకొనును. "అత్యవసరము" అమ్మువానిది, దానిని మనము తలకెత్తుకొననక్కరలేదు.

ఈ పరీక్షలకు ఒంటరిగా పోరాదు. సభ్యులు ఇద్దరు ముగ్గురు కలిసి, తమకు నమ్మకమైన మెకానిక్కునకు ఒకనాటి కూలి ఇచ్చి వెంటబెట్టుకొని పోవలెను. దళారి తెచ్చిన మెకానిక్కు దళారి మనిషియే. చూడకమునుపు ఫోనులో బయానా పంపుట ఎట్టి పరిస్థితిలోను తగదు.

చట్టము సంగతియు ఎరిగియుండుట అవసరము. 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, సరకు నాణ్యతకు అమ్మువాని పూచీ దానంతటదియే ఏర్పడదు. అట్టి మినహాయింపులలో ఒకటి, ఆ సరకులో వ్యాపారము చేయువానివద్ద వర్ణననుబట్టి కొనినది. అందును కొనువాడు చూచి కొన్నచో, చూచినంతనే కనబడవలసిన దోషములకు పిమ్మట వాదము చెల్లదు. కావున ప్రకటన ప్రతిని దాచియుంచుడు. గంటలు, ఇంజను మరమ్మతు, నడిచిన పని మొదలగు ముఖ్యమైన మాటలను అమ్మకపు కాగితములో అమ్మువాని సంతకముతో వ్రాయించుకొనుడు. ప్రకటనలో ధారాళముగా వ్రాసిన చేయి కాగితముమీద సంతకమునకు వెనుదీయుట కూడ ఒక పరీక్షాఫలితమే.

పత్రములలో నమోదు పుస్తకమునందలి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిపై చెక్కియున్నవానితో అక్షరమక్షరము సరిపోవలెను. ఇంజను నంబరు భేదించినచో వేరొక బండి ఇంజను తెచ్చి పెట్టినదై యుండవచ్చును. తయారైన నెల, నమోదైన తేదీ వేరువేరుగా నుండును; 2017 మోడలనునది ఏ తేదీనిబట్టియో చూడవలెను. బ్యాంకు పేర గాని, సహకార సంఘము పేర గాని తాకట్టు వ్రాసియున్నచో, అప్పు తీరినదను పత్రమును, తాకట్టు రద్దు నమోదును చూడక సొమ్ము చెల్లింపరాదు. మన సంఘముననే ఋణము తీరకముందు బండిని చేతులు మార్చు సభ్యులు లేకపోలేదు. వారును ఈ మాటను గమనింతురుగాక.

సంతకము చేసిన తెల్లకాగితములతో బండిని తోలుకొనివచ్చి, ఏండ్ల తరబడి పాత పేరుననే నడుపుట ఉభయులకును ప్రమాదము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములో బండి చేతులు మారినప్పుడు అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా అధికారులకు తెలుపవలెను. బండి అమ్మివేసినను నమోదు పుస్తకములో పేరున్నవాడే ప్రమాద నష్టపరిహారమునకు బాధ్యుడని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున పాత ట్రాక్టరు అమ్ముకొన్న సభ్యులు పేరు మార్పు జరిగినట్లు తామే పోయి విచారించుకొనవలెను. కొన్నవారు భీమా పత్రమునందు తమ పేరు చేర్చుటకు 14 దినములలో భీమా కంపెనీకి దరఖాస్తు పెట్టవలెను.